ఆయిల్ ఫిల్టర్ ఏ బ్రాండ్ కొనాలి? ముందు కౌంటర్, తర్వాత నంబరు, ఆ తర్వాతే పేరు

గుణుపురం మాస్టారూ, మీరు అడిగింది రెండు బళ్ల గురించి. ఒకటి మీ 2021 వేగనార్ పెట్రోల్, రెండోది మీ బావగారి 2016 డిజైర్ డీజిల్. రెండింటికీ ఆయిల్ మార్చే టైమ్ వచ్చింది. ఊళ్లో మెకానిక్ పేరులేని ఫిల్టర్ అరవై రూపాయలకి వేసేస్తానంటున్నాడు. నెట్‌లో చూస్తే ఒకళ్లు బాష్ అంటున్నారు, ఒకళ్లు మాన్ అంటున్నారు, ఇంకొకాయన వెయ్యి రూపాయల పైన పెట్టి బయటి దేశపు ఫిల్టర్ వేస్తేనే ఇంజిన్ నిలుస్తుందంటున్నాడు. ఏది వేయించమంటారు అన్నది మీ ప్రశ్న.

నేను రాయగడలో చాలా ఏళ్లుగా గ్యారేజీ నడుపుతున్నాను. ఇటు పార్వతీపురం నుంచి, అటు కోరాపుట్ నుంచి, మీ వైపు రామనగుడ నుంచి కూడా బళ్లు వస్తాయి. చూసింది చూసినట్టు చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మన సరిహద్దు ఊళ్లలో ఆయిల్ ఫిల్టర్ విషయంలో అసలు సమస్య బ్రాండ్ కాదు, డూప్లికేట్ మాల్. మనకి స్పేర్ పార్టులు విజయనగరం నుంచి, వైజాగ్ నుంచి వస్తాయి, రాయ్‌పూర్ వైపు నుంచి వస్తాయి, బరంపురం నుంచి వస్తాయి. మధ్యలో ఎన్ని చేతులు మారిందో కౌంటర్‌లో కూర్చున్నవాడికే తెలియదు. ఆయిల్ ఫిల్టర్ అనేది డూప్లికేట్ చేసేవాడికి చాలా సులువైన వస్తువు, ఎందుకంటే బయటికి కనిపించేది ఒక రేకు డబ్బా, దాని మీద రంగు, అచ్చు. లోపల ఏముందో ఎవరూ విప్పి చూడరు, వేసిన రోజు బండి ఎలాగూ బాగానే నడుస్తుంది. చెడ్డ బ్రేక్ ప్యాడ్ వేస్తే మర్నాడే తెలుస్తుంది గానీ, చెడ్డ ఆయిల్ ఫిల్టర్ వేస్తే రెండేళ్ల తర్వాత ఇంజిన్ విప్పినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఏ ఫిల్టర్ వల్ల అయిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే మంచి పేరున్న కంపెనీ డబ్బా నమ్మకం లేని షాపులో కొనడం కంటే, మామూలు కంపెనీ ఫిల్టర్ నమ్మకమైన కౌంటర్‌లో బిల్లు తీసుకుని కొనడం ఎప్పుడూ మేలు. నేను బ్రాండ్ కంటే కౌంటర్‌ని ముందు పెట్టేది అందుకే.

ఇప్పుడు ఆ డబ్బా లోపల ఏముంటుందో చూద్దాం, లేకపోతే పేర్ల గురించి ఎంత వాదించుకున్నా తేలదు. వేగనార్‌కి వేసేది చేత్తో తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్. దాని ముఖం మీద చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం ఉంటుంది. పంపు తోసిన ఆయిల్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి, మడతలు మడతలుగా ఉన్న కాగితాన్ని బయటి నుంచి లోపలికి దాటి, మధ్య గొట్టంలోంచి ఇంజిన్‌కి పోతుంది. చెత్త కాగితం బయటి వైపు ఆగిపోతుంది. ఇది కాక రెండు వాల్వులు ఉంటాయి. మంచి ఫిల్టర్‌కీ చెడ్డ ఫిల్టర్‌కీ తేడా ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే తేలిపోతుంది.

మొదటిది ఆ చిన్న రంధ్రాల వెనకాల ఉండే రబ్బరు పొర. బండి ఆపేశాక ఫిల్టర్‌లో ఉన్న ఆయిల్ మొత్తం వెనక్కి ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి, జారిపోకుండా ఆపడం దాని పని. ఫిల్టర్ పక్కకి గానీ తలకిందులుగా గానీ బిగించి ఉండే ఇంజిన్లలో దీని అవసరం చాలా ఉంది. అది సరిగ్గా మూసుకోకపోతే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది, పంపు ముందు ఫిల్టర్‌ని నింపి తర్వాత ఇంజిన్‌కి ఆయిల్ పంపాలి, ఆ రెండు మూడు సెకన్లూ పైన గలగలమని ఎండు చప్పుడు వస్తుంది. కోరాపుట్, సిమిలిగుడ వైపు డిసెంబరు, జనవరి చలి మీకు తెలిసిందే. ఆ చలికి నాసిరకం రబ్బరు బిర్రబిగుసుకుపోతుంది, ఆయిల్ కూడా చిక్కబడుతుంది. అటు వైపు బళ్లు పొద్దుట గలగలమంటున్నాయని నా దగ్గరికి వస్తే నేను ఇంజిన్ మీద చెయ్యి వేసే ముందు ఆయిల్ లెవెల్ చూసి, ఫిల్టర్ మార్చి, ఒక రాత్రి బండి ఉంచేసి పొద్దున్నే మళ్లీ స్టార్ట్ చేసి వింటాను. కొన్నిటికి అక్కడితోనే చప్పుడు పోతుంది. ఈ పొర మామూలు నైట్రైల్ రబ్బరుతో చేస్తారు, కొన్ని కంపెనీలు సిలికాన్‌తో చేస్తాయి. సిలికాన్ అయితే చలికీ వేడికీ మెత్తగానే ఉంటుంది, కానీ అయిదు, పది వేల కిలోమీటర్లకి మార్చేసేవాళ్లకి నాణ్యమైన నైట్రైల్ సరిపోతుంది.

రెండోది బైపాస్ వాల్వ్. కాగితం మూసుకుపోయినప్పుడో, చలికి ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడో, కాగితం దాటలేక ఆయిల్ ఆగిపోతే ఇంజిన్ ఎండిపోతుంది కదా, అలా కాకుండా ఈ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే పంపేస్తుంది. మురికి ఆయిల్ అయినా పర్వాలేదు, అసలు ఆయిల్ లేకపోవడం మాత్రం కుదరదు అన్నది లెక్క. ఇది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలి అన్నది ఇంజిన్‌ని బట్టి ఉంటుంది. చాలా కార్లకి 1 బార్‌కి (బార్ అంటే ఒత్తిడి కొలత) అటూ ఇటూగా ఉంటుంది, కొన్నిటికి 1.5 బార్ కూడా దాటుతుంది, కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వ్ ఫిల్టర్‌లో కాకుండా ఇంజిన్‌లోనే ఉంటుంది. పేరులేని ఫిల్టర్‌లో ఈ స్ప్రింగ్ ఎంతకి తెరుచుకుంటుందో చెప్పే నాథుడు లేడు. మరీ మెత్తని స్ప్రింగ్ అయితే వాల్వ్ ఊరికూరికే తెరుచుకుని వడకట్టని ఆయిల్ తిరుగుతూ ఉంటుంది, అప్పుడు కాగితం ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం?

అందుకే కౌంటర్ తర్వాత నేను చూసేది పార్ట్ నంబరు. మీ బండి మోడల్, సంవత్సరం, ఇంజిన్ చెప్పి, ఆ కంపెనీ కేటలాగ్‌లో ఏ నంబరు ఉందో చూసి అదే తీసుకోవాలి. సైజు చూసి, మర సరిపోయిందని చూసి వేసేయడం మన వైపు బాగా అలవాటు. అది ఎంత ప్రమాదమో ఒక్కటి చెబుతాను. చాలా జపాన్ తరహా ఇంజిన్లకి, మారుతీలకి కూడా, ఫిల్టర్ మర 20 మిల్లీమీటర్ల సైజు, 1.5 పిచ్, అంటే మరకీ మరకీ మధ్య 1.5 మిల్లీమీటర్లు. ఇంకో రకం ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 మరలు. పక్కపక్కన పెడితే కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ముప్పావు అంగుళం స్టడ్ (ఇంజిన్ మీద ఫిల్టర్ ఎక్కే మర గొట్టం) మీద 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఎక్కిస్తే అది ఎక్కుతుంది, గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్టు) కూడా తగులుతుంది, బిగిసినట్టే ఉంటుంది. కానీ చేత్తో ఎక్కిస్తున్నప్పుడు శ్రద్ధగా చూస్తే డబ్బా కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, మర పట్టు వదులుగా ఉంటుంది. అలాగే వదిలేస్తే చల్లగా ఉన్న ఇంజిన్‌ని రేస్ చేసినప్పుడు ఒత్తిడికి మర జారి ఫిల్టర్ ఊడిపోవచ్చు. అప్పుడు క్షణాల్లో ఆయిల్ అంతా రోడ్డు పాలు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతూ అలా జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి, ఆయిల్ లైట్ వెలిగింది చూసి బండి పక్కకి తీసే లోపే బేరింగులు పోతాయి.

ఇక బ్రాండ్లు.

మారుతీ గానీ హ్యుందాయ్ గానీ టాటా గానీ ఫిల్టర్లు తామే తయారు చేయరు, ఫిల్టర్ కంపెనీల చేత తమ కొలతలకి చేయించుకుని తమ డబ్బాలో అమ్ముతారు. కాబట్టి కంపెనీ ఫిల్టర్ అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప ఫిల్టర్ అని కాదు, మీ ఇంజిన్‌కి ఎంత ఒత్తిడికి వాల్వ్ తెరుచుకోవాలో, ఎంత ఆయిల్ పారాలో ఆ లెక్క ప్రకారం చేసినది అని అర్థం. చిన్న పెట్రోల్ కార్లకి ఇది వంద, రెండు వందల మధ్యలో వచ్చేస్తుంది. మూడు లీటర్ల మంచి ఆయిల్‌కి వెయ్యి రూపాయల పైన పోస్తూ, ఫిల్టర్ దగ్గర యాభై రూపాయలకి కక్కుర్తి పడటం నాకు అస్సలు నచ్చని పని.

బయట దొరికేవాటిలో బాష్, మాన్, మాలే, ప్యూరొలేటర్, ఎలోఫిక్ నేను వేస్తాను, మీరూ ధైర్యంగా వేయించుకోవచ్చు. ఎలోఫిక్ అంటే చాలామంది లోకల్ మాల్ అని తీసిపారేస్తారు గానీ అది ఫరీదాబాద్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఫిల్టర్ కంపెనీ, కోసి చూస్తే లోపల పని శుభ్రంగా ఉంటుంది. పుణె ఫ్లీట్‌గార్డ్‌ది లారీలు, ట్రాక్టర్లు, జేసీబీల్లో మంచి పేరు. ప్యూరొలేటర్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీరు పంపిన లింకుల్లో అదే ఎక్కువ ఉంది. ఆ ఫిల్టర్‌లో కాగితం చిరిగిపోతోందని చూపించే వీడియోలు అమెరికావి. అక్కడ ఆ పేరు మాన్ హమ్మెల్ కంపెనీ చేతిలో ఉంది. మన దేశంలో అదే పేరుతో వచ్చేవి మాలే, ఆనంద్ గ్రూపు కలిసి పెట్టిన కంపెనీవి. పేరు ఒకటే గానీ ఫ్యాక్టరీ వేరు, వస్తువు వేరు. అక్కడి వీడియో చూసి ఇక్కడి ఫిల్టర్‌ని వద్దనుకోవడం సరికాదు, అలాగే అక్కడ ఎవరో మెచ్చుకున్నారని ఇక్కడ కొనడం కూడా సరికాదు.

ఆ వెయ్యి రూపాయల ఇంపోర్టెడ్ ఫిల్టర్ల సంగతి. కొన్నిటిలో కాగితం బదులు సింథటిక్ మీడియా, అంటే కృత్రిమ నారతో చేసిన వడకట్టే పొర, ఉంటుంది, ఇంకా సన్నటి మట్టిని పడుతుంది, ఎక్కువ కిలోమీటర్లు తట్టుకుంటుంది. అబద్ధం కాదు. వాటిని ఐఎస్ఓ 4548-12 అనే పద్ధతిలో పరీక్షిస్తారు, ఆయిల్‌లో కొలిచిన మట్టి కలిపి మళ్లీ మళ్లీ తిప్పుతూ ఫిల్టర్‌కి ముందు ఎన్ని రేణువులున్నాయి, వెనక ఎన్ని ఉన్నాయి అని లెక్కపెడతారు. ఏ కంపెనీ అయినా 99 శాతం పడుతుంది అని రాస్తే ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రేణువుల దగ్గర అని చూడాలి. 20 మైక్రాన్ల దగ్గర 99 అంటే చాలా మంచి ఫిల్టర్, 40 దగ్గర 99 అంటే మామూలుది. మైక్రాన్లు చెప్పకుండా శాతం ఒక్కటే రాస్తే దానికి విలువ లేదు. కానీ ఆ సింథటిక్ మీడియా లాభం దక్కేది ఒకే ఫిల్టర్‌తో పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లు తిప్పే చోట. మన రోడ్ల మీద మనం అంత దూరం తిప్పకూడదు కాబట్టి ఆ డబ్బుతో ఒక ఆయిల్ ఛేంజ్ ముందే చేయించుకుంటే ఇంజిన్‌కి ఎక్కువ మేలు. కడిగి మళ్లీ వేసుకునే స్టీలు జాలీ ఫిల్టర్లు కూడా అమ్ముతున్నారు, వాటి జోలికి వెళ్లకండి, జాలీ కన్ను పెద్దది, సన్నటి మట్టి దాటిపోతుంది.

అరవై రూపాయల ఫిల్టర్‌ని ఎందుకు వద్దంటున్నానో చూపించడానికి మా కుర్రాళ్ల ముందు అప్పుడప్పుడు ఫిల్టర్లు కోసి పెడతాను. హ్యాక్సా బ్లేడుతో కోస్తే రేకు పొడి లోపల పడుతుంది, ఇంజిన్‌లోంచి వచ్చిన పొడి ఏదో మనం చేసిన పొడి ఏదో తెలియదు, అందుకని గుండ్రంగా తిప్పే కట్టర్‌తో కోయాలి. ఒక బండిలోంచి తీసిన పేరులేని ఫిల్టర్‌ని అలా కోస్తే, మడతలు ఒక వైపు గుంపుగా ముద్దయిపోయి ఇంకో వైపు వేలు పట్టేంత సందు ఉంది, కాగితం రెండు అంచులూ కలిసే చోట జిగురు సగం దూరమే ఉంది, ఆ సందులోంచి ఆయిల్ నేరుగా పోయిన నల్లటి చార స్పష్టంగా కనిపించింది. రబ్బరు పొర గోరుతో నొక్కితే వంగలేదు, గట్టిపడిపోయింది. అదే టేబుల్ మీద కంపెనీ ఫిల్టర్ మడతలు పలక మీద గీసిన గీతల్లా సమానంగా ఉన్నాయి, రబ్బరు ఇంకా మెత్తగా సాగుతోంది. కాగితం రంగు చూసి మోసపోకండి, పసుపైనా నారింజైనా ఆకుపచ్చైనా అది వేసిన రంగే. డబ్బా బరువుగా ఉంటే మంచిదన్నది కూడా నిజం కాదు.

డూప్లికేట్‌ని కొనేటప్పుడే పట్టుకోవడానికి నేను చూసేవి ఇవి. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, బ్యాచ్ నంబరు ఉండాలి, ఆ పార్ట్ నంబరూ లోపల రేకు మీద ఉన్న నంబరూ కలవాలి. అచ్చు అక్షరాలు గోరుతో గీస్తే ఊడకూడదు. రబ్బరు గ్యాస్కెట్ గాడిలో సమానంగా కూర్చోవాలి. మధ్య మరలోకి వెలుగులో చూస్తే శుభ్రంగా ఉండాలి, రేకు ముక్కలు అంటుకుని ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేయండి, అవి నేరుగా ఇంజిన్‌లోకే పోతాయి. చిన్న రంధ్రాల్లోంచి వేలి కొసతో రబ్బరు పొరని నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ వచ్చి అంటుకోవాలి.

బావగారి డిజైర్ సంగతి వేరు, దాన్ని మీ వేగనార్‌తో కలిపి చూడొద్దు. అది ఫియట్ నుంచి వచ్చిన 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్, మారుతీ 2020లో డీజిల్ మానేసే దాకా ఎన్నో కార్లలో వేసింది. దానికి రేకు డబ్బా ఉండదు, ప్లాస్టిక్ మూత కింద కాగితం ఎలిమెంట్, అంటే డబ్బా లేకుండా మడతల కాగితం ఒక్కటే, ఉంటుంది. ఈ ఇంజిన్‌లో ఇంజిన్ వాల్వులని సరైన టైమ్‌కి తెరిపించే టైమింగ్ చైన్ ఉంది, ఆయిల్ మురికైనా లెవెల్ తగ్గినా ముందు బాధపడేది ఆ చైనే. చైన్ సాగితే అయ్యే ఖర్చు ముందు ఫిల్టర్ ఖర్చు లెక్కలోకే రాదు. కాబట్టి దీనికి కంపెనీ ఎలిమెంట్ గానీ మాలే, మాన్, బాష్ గానీ తప్ప ఇంకేదీ వద్దు. ఎలిమెంట్‌తో పాటు డబ్బాలో కొత్త ఓ-రింగు, అంటే మూతకి వేసే రబ్బరు చుట్టు, వస్తుంది, అది తప్పకుండా మార్పించండి, చాలాచోట్ల పాతదే ఉంచేస్తారు, తర్వాత మూత దగ్గర చెమ్మ మొదలవుతుంది. మూతని ఎంత బిగించాలో చాలా వాటి మీదే అచ్చు వేసి ఉంటుంది, దానికి మించి బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. ఇంకొకటి, పాత ఎలిమెంట్‌కి కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ వేసేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. గాలికి కాగితం సన్నగా చిరుగుతుంది, బయట ఆగిన మట్టి లోపలి వైపుకి చేరుతుంది. పక్కన నిలబడి చూసుకోండి, పాత ఎలిమెంట్‌ని మీ చేతికి ఇవ్వమనండి.

బిగించడంలో రెండే రెండు జాగ్రత్తలు, వేగనార్‌కి. పాత ఫిల్టర్ తీశాక దాని గ్యాస్కెట్ దానితోనే వచ్చిందో లేదో చూడాలి. ఒక్కోసారి ఇంజిన్‌కే అంటుకుపోతుంది, దాని మీద కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడి కొంచెం సేపటికే ఆయిల్ చిమ్ముతుంది. రెండోది, కొత్త రబ్బరుకి ఆయిల్ రాసి చేత్తో ఎక్కించి, రబ్బరు తగిలాక డబ్బా మీద రాసినంతే తిప్పాలి, సాధారణంగా ముప్పావు చుట్టు. పాన పెట్టి బిగిస్తే వచ్చేసారి తీయలేక స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పాల్సి వస్తుంది. స్టార్ట్ చేశాక ఆయిల్ లైట్ కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, కింద తడి లేదని చూసి, ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ చూడాలి.

ఎన్ని కిలోమీటర్లకి అంటే, మాన్యువల్లో 10,000 లేదా ఏడాది అని ఉంటుంది, కానీ అదే మాన్యువల్లో వెనక పేజీల్లో దుమ్ము రోడ్లు, దగ్గర దగ్గర ప్రయాణాలు ఉన్నవాళ్లకి వేరే పట్టిక ఉంటుంది, అందులో గడువు బాగా తగ్గుతుంది. ఊళ్లో బడికీ ఇంటికీ తిరిగే మీ బండి, దమన్‌జోడి వైపు ఖనిజం లారీల వెనక తిరిగే బళ్లు, అన్నీ ఆ పట్టిక కిందికే వస్తాయి. మీరు 5,000 లేదా ఆరు నెలలు పెట్టుకోండి, ప్రతిసారీ ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా. ఆ ఎర్ర దుమ్ము ఇంజిన్‌లోకి వచ్చేది ఎయిర్ ఫిల్టర్ దారిలో, దాని రబ్బరు అంచు సరిగ్గా కూర్చోకపోతే ఆయిల్ ఫిల్టర్ ఎంత మంచిదైనా పని పెరిగిపోతుంది. కాబట్టి అదే రోజు ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తెరిపించి, క్లిప్పులన్నీ పడ్డాయో లేదో చూపించుకోండి.

మీ వేగనార్‌కి మారుతీ కంపెనీ ఫిల్టర్, దొరక్కపోతే ఎలోఫిక్ లేదా బాష్. డిజైర్‌కి మాలే గానీ కంపెనీ ఎలిమెంట్ గానీ, ఓ-రింగుతో సహా. వారంటీ ఇంకా నడుస్తుంటే, పొడిగించుకున్నా సరే, కంపెనీదే వేయించి బిల్లు దాచండి, రేపు క్లెయిమ్ పెట్టాల్సి వస్తే వాదన ఉండదు. గుణుపురంలో దొరక్కపోతే పర్లాకిమిడి గానీ రాయగడ గానీ వచ్చినప్పుడు మారుతీ పార్టుల కౌంటర్‌లో రెండు బళ్లకీ రెండేసి ఫిల్టర్లు కొని ఇంట్లో పెట్టుకోండి, ఎండ తగలని చోట డబ్బాలోనే ఉంచితే ఏమీ కావు. మీ ఊరి మెకానిక్ చేతే వేయించండి, ఫిల్టర్ మాత్రం మీరు పట్టుకెళ్లండి, కూలి ఆయనకి పూర్తిగా ఇవ్వండి. మీ పాత వేగనార్ ఫిల్టర్ పారేయకుండా ఈసారి రాయగడ వచ్చినప్పుడు తెండి మాస్టారూ, కోసి చూద్దాం, ఇన్నాళ్లూ లోపల ఏం తిరిగిందో తెలిస్తే ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చాలో ఇంకా బాగా చెప్పగలను.